గుమ్మడికాయకి మచ్చ తెగులు

కొడుకు ఒసాకాలో ఉద్యోగం చేస్తుంటే తల్లిదండ్రులకి రెండు తప్పవు. గోంగూర పచ్చడి మోసుకెళ్లడం, వాడు చూపించిందల్లా చూడటం. మావాడు నవోషిమా చూపించాడు. ఊనో రేవు నుంచి స్టీమరులో ఇరవై నిమిషాలు. జనం మూడు వేలు. దీవి నిండా కళ.

మా బాపట్ల వియ్యంకుడుగారు, వియ్యపురాలు కూడా వచ్చారు. ఆయన వ్యవసాయ కళాశాలలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ పుట్టిల్లు రేపల్లె.

సముద్రంలోకి సాగిన గట్టు చివర యాయోయి కుసామా 1994లో పెట్టిన పసుప్పచ్చ గుమ్మడికాయ. మనిషంత ఎత్తు, ఒళ్లంతా నల్లచుక్కలు. పక్కన నిలబడి ఫొటో దిగడానికి క్యూ. వియ్యంకుడుగారు చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "మచ్చ తెగులు బావగారూ, ముదిరిపోయింది. ఇప్పుడు మందు కొట్టినా దండగే" అని తేల్చేశారు. నేను తెనాలివాణ్ణి; గుమ్మడి అంటే నాకు మా పక్క రావికంపాడులో పుట్టిన నటుడు వెంకటేశ్వరరావుగారే. ఆ గాంభీర్యం దీనికీ ఉందిలెండి. 2021 ఆగస్టు తుపానులో అలలు దీన్ని లాక్కుపోయి పగలగొడితే, మరుసటేడు అక్టోబరులో కొత్తది పెట్టారట. వియ్యపురాలు నవ్వలేదు. 1977 ఉప్పెన నాటి రేపల్లె మనిషి. "మళ్లీ అక్కడే పెట్టారా?" అని మాత్రం అడిగింది.

తర్వాత చిచూ మ్యూజియం. తడావో అండో 2004లో కొండ కడుపులో కట్టాడు. అంతా పూత లేని కాంక్రీటు. వియ్యంకుడుగారు గోడ తడిమి, "మేస్త్రీ ప్లాస్టరింగు ఎగ్గొట్టాడు" అన్నారు. మోనే గీసిన కలువల గది ముందు చెప్పులు విప్పించారు. ఆ దీవిలో వియ్యపురాలికి నచ్చిన పద్ధతి అదొక్కటే. లోపల కరెంటు దీపం లేదు, పైనుంచి పడే పగటి వెలుగే. ఆ కలువల ముందు నిజంగానే మాట రాలేదు. రాకపోవడమే మంచిదైంది. అక్కడ ఫొటో తీయకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. మొదటిది ఎలాగో ఓర్చుకుంటాం.

అదే మా తెనాలి శిల్పశాలలకైతే టికెట్టు లేదు. ఎన్టీఆర్, వైఎస్సార్, అంబేడ్కర్, గాంధీ ఒకే షెడ్డులో భుజాలు రాసుకుంటూ నిలబడతారు. బయట వాళ్ల అభిమానులు ఒక బల్ల మీద టీ కూడా తాగరు. ఒకాయన కళ్లజోడు ఇంకొకాయన కాళ్ల దగ్గర ఆరుతుంటుంది. ఇనుప నట్లు అతికించి పదడుగుల గాంధీని నిలబెట్టిన ఊరిది. నవోషిమాలో బొమ్మ కదలదు, జనమే పడవెక్కి రావాలి. మా దగ్గర బొమ్మే లారీ ఎక్కి జనం దగ్గరికి పోతుంది.

కాబట్టి మా బొమ్మల్ని చూడదలచుకుంటే ఆవిష్కరణ దాకా ఆగకండి. ఆ తర్వాత దండలూ ఫ్లెక్సీలే కనిపిస్తాయి. విజయవాడ నుంచి చెన్నై రైలెక్కితే దారిలోనే తెనాలి. దిగండి. పలకరించి లోపలికి వెళ్లండి. రంగు ఆరని నాయకుణ్ణి మాత్రం ముట్టుకోకండి, దణ్ణంతో సరిపెట్టుకోండి.