తెర మీది బొమ్మ, డిస్కులోని రాత

నేను డీవీఆర్‌ను. హొళగుంద బజారులో ఒక దుకాణం అటక మీద నా చోటు. నాలుగు కెమెరాలు పంపే దృశ్యాన్ని కిందనున్న తెరకు చేరవేస్తాను, అదే సమయంలో నా లోపలి ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో రాసుకుంటాను. చూసేవాళ్లకు ఇవి రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. కానీ నా ఒంట్లో వీటి దారులు వేరు. మొదటిది నిక్షేపంగా సాగుతుండగానే రెండోది ఏనాడో ఆగిపోయి ఉండొచ్చు. ప్లేబ్యాక్ రావడం లేదని మెకానిక్‌ను పిలిచిన చోట చాలాసార్లు చెడినది చూపించడం కాదు, రాసుకోవడం. అందుకే నా బాగోగులు తెర మీద కదిలే బొమ్మను చూసి కాక, వెనక్కి వేసి చూసి తేల్చుకోవాలంటాను.

చూడటం వేరు, గుర్తుంచుకోవడం వేరు అనడానికి మా వంశచరిత్రే సాక్ష్యం. 1942లో జర్మనీలోని పీనెముండేలో వీ-2 రాకెట్ ప్రయోగాలను దూరం నుంచి చూడటానికి కెమెరాలు, తెరలు అమర్చారు. ఆ ఏర్పాటుకు కన్ను ఉంది, జ్ఞాపకం లేదు. ఆ క్షణం తెర ముందు లేనివాళ్లకు ఆ దృశ్యం మళ్లీ దక్కేది కాదు. 1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ రెండంగుళాల వెడల్పు టేపు మీద వీడియో రాసే యంత్రం తెచ్చాకే టెలివిజన్ దృశ్యాన్ని దాచుకుని మళ్లీ వేసి చూసే వీలు స్థిరపడింది. ఆ టేపు స్థానంలో డిస్కు వచ్చింది, అంతే. కన్ను, జ్ఞాపకం ఒకే డబ్బాలోకి చేరినా ఒకదాని ఆరోగ్యం రెండోదానికి హామీ కాలేదు.

నాకు ప్రాణం పోసే 12 వోల్టుల అడాప్టర్ సంగతే చూడండి. కాలం గడిచి అది నీరసించినా, బొమ్మ చూపించడానికి కావలసినంత కరెంటు ఇస్తూనే ఉంటుంది. డిస్కు పళ్లెం తిరగడం మొదలుపెట్టే క్షణంలో మాత్రం ఒక్కసారిగా చాలా ఎక్కువ కరెంటు కావాలి, అది అందదు. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు, డిస్కు కనిపించడం లేదని మెనూలో ఒక మాట. తెర మీద మాత్రం బజారు ఎప్పటిలాగే నడుస్తుంటుంది. అలాంటప్పుడు డిస్కు పోయిందని కొత్తది కొనేముందు మంచి అడాప్టర్ పెట్టి చూడాలి, డిస్కును నాతో కలిపే సాటా కేబుల్ ఊడదీసి మళ్లీ బిగించాలి. మా ప్రాంతపు ఎండలు మరో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద, గాలి ఆడని అటక మీద డిస్కు ఉడికిపోతుంది. ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో ఉండే మా వాళ్లకు దూది నూగు గాలిరంధ్రాలను మూసేస్తుంది. రాస్తుండగా కరెంటు పోతే ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే ఫైళ్ల పట్టిక చెడిపోవచ్చు. అప్పుడు వీడియో ఉన్నా దాని ఆచూకీ నాకే దొరకదు. చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఏ చెడుపూ లేకుండానే పాత దృశ్యం మాయం కావడం మరో రకం, దీనికి లెక్క చాలు. ఒక్కో కెమెరా సగటున సెకనుకు 2 మెగాబిట్లు పంపితే రోజుకు 21.6 గిగాబైట్లు, నాలుగింటికి 86.4. అంటే ఒక టెరాబైటు డిస్కు దాదాపు పదకొండున్నర రోజులకే నిండుతుంది, ఆపైన పాతదాని మీదే కొత్తది రాస్తాను. దృశ్యాన్ని మరింతగా కుదించే హెచ్.265 పద్ధతిలో పరిమాణం సుమారు సగమైనా 23 రోజులు దాటదు. జనం ఎక్కువగా గుమిగూడే సంస్థలు ఫుటేజీని 30 రోజులు ఉంచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రత చట్టం అడుగుతుంది. నాలుగు కెమెరాలకు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున దానికి 2.6 టెరాబైట్లు కావాలి. పైగా ఇది సగటు మాత్రమే. ఖాళీ వీధి తక్కువ చోటులో ఇముడుతుంది, కదలిక పెరిగేకొద్దీ చోటు పెరుగుతుంది. మా మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవాన్ని తలచుకోండి. మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం దివిటీల వెలుగులో, కర్రలు చేతబట్టిన వేలమంది ఒకేసారి కదులుతారు. పోలీసులు అక్కడ సీసీ కెమెరాలు, డ్రోన్లు వాడుతున్నారు. చీకటి, మినుకుమనే మంట, ఎడతెగని కదలిక, మూడూ కలిస్తే దృశ్యాన్ని కుదించడం మాకు చాలా కష్టం. ఖాళీ వీధిని చూసి వేసిన డిస్కు లెక్క ఆ రాత్రికి చెల్లదు.

డిస్కు సరిగా తిరగకపోతే యంత్రమే కూత పెడుతుంది కదా, మనిషి చూసుకోవడం దేనికని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూత పెట్టే ఏర్పాటు మాలో చాలావాటికి ఉంది, కానీ ఆ చప్పుడు పడక మెనూలో దాన్ని ఆపేసే ఇళ్లూ దుకాణాలూ ఎన్నో. ఆపకపోయినా గడియారం తప్పితే ఏ కూతా రాదు. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయాక కరెంటు పోయి వస్తే నా తేదీ ఏదో పాత సంవత్సరపు జనవరి 1కి జారిపోగలదు. నా దృష్టిలో అంతా సవ్యంగానే రాస్తుంటాను. మీరు నిన్నటి తేదీలో వెతుకుతారు, అక్కడ ఏమీ ఉండదు. అందుకే ఫుటేజీ లేదని తేల్చేముందు నా గడియారాన్ని మీ ఫోను గడియారంతో పోల్చండి, ఎంత తేడా ఉందో రాసుకోండి, దిద్దడం ఆ తరవాతే.

ఫోనులో చూసుకుంటున్నాం, ఇక డిస్కు గొడవ ఎందుకు అనేది ఇంకో అభ్యంతరం. ఫోనులో వెనక్కి వేసి చూసే దృశ్యం కూడా సాధారణంగా నా డిస్కులోంచే వెళ్తుంది. అంతా ఇంటర్నెట్‌లోనే దాచాలంటే నాలుగు కెమెరాలకు రాత్రింబవళ్లు సెకనుకు 8 మెగాబిట్లు పైకి పంపాలి, ఆ స్థోమత ప్రతి దుకాణానికీ ఉండదు. కెమెరా పెట్టగానే పని తీరదనడానికి ఒక తీర్పే ఉంది. సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో పోలీస్ స్టేషన్లకు కెమెరాలు పెట్టమని చెప్పి ఊరుకోలేదు. రికార్డింగును 18 నెలలు, పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది ఉంచాలంది, వాటి నిర్వహణ బాధ్యత స్టేషన్ అధికారికి అప్పగించింది. దుకాణదారుడు చేయాల్సింది అంతకన్నా సులువు: వారానికోసారి నిన్నటి దృశ్యాన్నీ, డిస్కులో మిగిలిన అతి పాత తేదీ దృశ్యాన్నీ ఒక్కో కెమెరాలో కాసేపు వేసి చూడటం.

నిజంగా చూపించడంలోనే లోపం ఉన్న సందర్భాలూ లేకపోలేదు. నాలుగు కెమెరాలను ఒకేసారి వెనక్కి వేస్తే ఆగి ఆగి నడుస్తుంది, ఒక్కటే వేస్తే సాఫీగా సాగుతుంది. పెన్ డ్రైవులోకి తీసినది పాత కంప్యూటరులో తెరుచుకోకపోతే ఆ కంప్యూటరుకు హెచ్.265 చదవడం రాకపోవచ్చు, లేదా అది తయారీ కంపెనీ సొంత ప్లేయరు అడిగే ఫైలు కావచ్చు. వీటికి మందు ఉంది. మందు లేని పని ఒకటే: డిస్కు లోపమని తెరపై కనబడగానే ఫార్మాట్ కొట్టి, మళ్లీ రికార్డింగుకు వదలడం. కొత్త దృశ్యం పాతదాన్ని తుడిచేస్తుంది. కావలసిన ఫుటేజీ ఉందనుకుంటే కరెంటు తీసి, డిస్కు విప్పించి, ముందు నకలు తీయించాలి. ఫుటేజీ దొరికాక తెరను సెల్‌ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకిచ్చే నకలుకు ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలుకు వేలిముద్ర లాంటి హాష్ విలువ కూడా నమోదు కావాలి. ఆ విలువ నాలోంచి నేరుగా తీసిన ఫైలుది కావాలి, ఫోనులో మళ్లీ చిత్రించినదానిది కాదు.