పక్క ఊళ్లో చూడండి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

న్యూజెర్సీ నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన పిటిషన్ అందింది. మీ టౌన్‌షిప్‌లో అఫర్డబుల్ హౌసింగ్ పేరుతో అపార్ట్‌మెంట్లు లేపుతున్నారనీ, దాన్ని ఆపడానికి సంతకాలు కావాలనీ, విజయవాడలో ఉన్నవాళ్లు కూడా పెట్టొచ్చనీ రాశావు. కృష్ణలంకలో కూర్చుని అమెరికాలో ఓ ఊరి అందాన్ని కాపాడే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది? కానీ సంతకం పెట్టబోయే ముందు చదివే దురలవాటు ఒకటుంది నాకు. చదివాక దిగులేసింది. పిటిషన్ మరీ పేలవంగా ఉందిరా.

ట్రాఫిక్ పెరుగుతుందట. బడి కిక్కిరిసిపోతుందట. చెట్లు పోతాయట. ఇళ్ల ధరలు పడిపోతాయట. అన్నిటికీ మించి ఊరి ‘క్యారెక్టర్’ చెడుతుందట. యాభై ఏళ్లుగా అందరూ వాడి అరగదీసిన మాటలివి. రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్ సీటు కోసం అంత అవస్థపడ్డవాడివి, కాస్త కొత్తగా ఆలోచించొద్దూ?

కాలిఫోర్నియా వాళ్లని చూసి నేర్చుకో. అక్కడ వుడ్‌సైడ్ అని ఓ ఊరుంది. సిలికాన్ వ్యాలీ శ్రీమంతులు ఎకరాలకి ఎకరాలు కొనుక్కుని గుర్రాలు పెంచుకునే ఊరు. 2022 జనవరిలో ఆ రాష్ట్రంలో ఎస్‌బీ 9 అనే చట్టం అమల్లోకి వచ్చింది. ఒక్క ఇంటికే అనుమతి ఉన్న స్థలాన్ని రెండుగా విడగొట్టి నాలుగిళ్ల దాకా కట్టుకోవచ్చు అన్నారు. నెల తిరిగేసరికి వుడ్‌సైడ్ పెద్దలు ఒక సత్యం కనుక్కున్నారు: మా ఊరు ఊరంతా కొండసింహాల ఆవాసం, అంచేత ఈ చట్టం మాకు వర్తించదు! రక్షిత జంతువులు తిరిగే చోటికి చట్టంలో మినహాయింపు ఉంది మరి. ఆ సింహం ఎంత వివేకవంతమైందంటే, ఎకరం స్థలంలో ఒక్క భవంతి కడితే కిమ్మనదు. అదే స్థలంలో రెండు వాటాల ఇల్లు కడితే మాత్రం మనసు కష్టపెట్టుకుని వంశం అంతరింపజేసుకుంటుంది. దేశమంతా పగలబడి నవ్వింది. రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బోంటా గారు, ఇది చట్టాన్ని తప్పించుకునే ఎత్తుగడ తప్ప మరోటి కాదని ఉత్తరం రాశారు. కొద్ది రోజుల్లోనే సింహాలు ఊరు ఖాళీ చేసేశాయి. మన ‘నాన్నా పులి’ కథలో కుర్రాడికి కనీసం కాపలా కాయడానికి మేకలన్నా ఉన్నాయి.

ఆ పక్కనే ఆథర్టన్. అమెరికాలో అత్యంత ఖరీదైన పిన్‌కోడ్ ఎవరిదంటే చాలా ఏళ్లపాటు ఆ ఊరి పేరే వినిపించింది. మార్క్ ఆండ్రీసెన్ అనే పెట్టుబడిదారుడు 2020లో, అమెరికా ఇళ్లతో సహా అన్నీ కట్టడం మానేసింది, ఇక కట్టాల్సిన సమయం వచ్చిందని పెద్ద వ్యాసం రాసి చప్పట్లు కొట్టించుకున్నాడు. 2022లో తన ఊళ్లో బహుళ కుటుంబాల ఇళ్లకు చోటిద్దామని ప్రతిపాదన వస్తే, భార్యాభర్తలిద్దరూ తీవ్ర అభ్యంతరం చెబుతూ ఊరి పాలకులకి రాశారు. కట్టాలన్నాడు గానీ తన ఊళ్లో కట్టమన్నాడా!

మీ న్యూజెర్సీ తక్కువ తినలేదు. నిజానికి ఇళ్లని అడ్డుకునే ఈ శాస్త్రానికి మహాభాష్యం రాసింది మీ వాళ్లే. ఫిలడెల్ఫియాకి దగ్గర్లో మౌంట్ లారెల్ అనే టౌన్‌షిప్ ఉంది కదా, చూసే ఉంటావు. అక్కడ తరతరాలుగా బతికిన నల్లజాతి కుటుంబాలు కొన్ని, పాత కోళ్లగూళ్లని ఇళ్లుగా మార్చుకుని కాలక్షేపం చేసేవి. అవి నివాసయోగ్యం కావని టౌన్‌షిప్ ఒక్కొక్కటే ఖాళీ చేయిస్తూ వచ్చింది. మరి ఎక్కడుండాలి? ఆరు తరాలుగా ఆ ఊరిదైన ఎథెల్ లారెన్స్ అనే టీచరమ్మా, ఆమె తోటివాళ్లూ కలిసి, 36 చిన్న ఇళ్లు కట్టుకుంటాం అనుమతివ్వండి అన్నారు. 1970లో మేయరుగారు వాళ్ల చర్చికే వచ్చి, ఈ ఊళ్లో ఉండే స్తోమత లేకపోతే వెళ్లిపోవాల్సిందే అన్న అర్థం వచ్చేలా సెలవిచ్చారు. 1971లో కేసు పడింది.

ఆ ఊళ్లో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు కోర్టులో బయటపడ్డాయి చూడు, వాటి ముందు నీ పిటిషన్ ఏ మూలకి? ఊరి భూమిలో దాదాపు 30 శాతం, అంటే 4,121 ఎకరాలు, పరిశ్రమలకి కేటాయించారు. అందులో అప్పటికి పరిశ్రమలున్నది వంద ఎకరాల్లో. రాని ఫ్యాక్టరీకి నాలుగు వేల ఎకరాలు ఆపి ఉంచగలరు, ఉన్న మనిషికి మాత్రం సెంటు లేదు. ఇక అనుమతించిన కొద్దిపాటి అపార్ట్‌మెంట్లకి పెట్టిన షరతు: ఒక పడగ్గది వాటాలో బడి ఈడు పిల్లలుండకూడదు. రెండు పడగ్గదుల దాంట్లో ఇద్దరికి మించకూడదు. మొత్తం మీద వాటాకి 0.3 పిల్లవాడి కన్నా ఎక్కువ లెక్క తేలితే, ఆ పైవాళ్ల చదువు ఖర్చంతా బిల్డరే పెట్టుకోవాలి. సున్నా పాయింట్ మూడు! చేతులూ కాళ్లూ బయట వదిలేసి తలకాయ ఒక్కటీ బడికి పంపితే సరిపోతుందనుకుంటాను.

1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇవన్నీ కొట్టేసింది. పెరుగుతున్న ప్రతి ఊరూ ఆ ప్రాంతపు పేద, దిగువ మధ్యతరగతి వాళ్ల ఇళ్ల అవసరంలో తన న్యాయమైన వాటా మోయాల్సిందే అంది. టౌన్‌షిప్ శిరసావహించింది. 14 వేల ఎకరాల ఊళ్లో దాదాపు 20 ఎకరాలు వెతికి ఇచ్చింది, అదీ మూడు ముక్కలుగా, ఎవరూ కట్టని చోట్ల. 1983లో కోర్టుకి ఒళ్లు మండి ఈసారి పళ్లున్న తీర్పిచ్చింది. వాటా తీర్చని ఊరి మీద బిల్డరే దావా వేయొచ్చు, గెలిస్తే కొంత భాగం చవక ఇళ్లు పెట్టి మిగతాది మార్కెట్ ధరకి కట్టుకోవచ్చు. దీన్నే ‘బిల్డర్స్ రెమెడీ’ అంటారు. ఇందులో బిల్డరు ఏ వినోబా భావే కాదులే. ఒక చవక ఇల్లు చూపించి నాలుగు ఖరీదైనవి అమ్ముకుంటాడు. కానీ న్యాయం తన కాళ్ల మీద నడవలేకపోతే లాభం భుజాల మీద ఎక్కించి పంపారు, ఏం చేస్తాం.

ఆ తర్వాత 1985లో వచ్చిన చట్టంలో మీ వాళ్లు చొప్పించిన ఉపాయం ఉంది చూడు, దానికి నేను రెండు చేతులా దణ్ణం పెడతాను. ఏ ఊరైనా తన వాటాలో సగం దాకా ఇంకో ఊరికి డబ్బిచ్చి అప్పగించేయొచ్చు! శివార్ల శ్రీమంతుల ఊరు, నేవార్క్, ట్రెంటన్ లాంటి పేద పట్నానికి ఇంటికింత అని చెక్కు రాసిస్తుంది, బాబ్బాబు మా పేదల్ని కూడా మీరే ఉంచుకోండి అని. పెళ్లికి వెళ్లడం ఇష్టంలేక చదివింపుల కవరు పంపినట్టన్నమాట. అప్పటికే పేదరికంతో కుంగిన ఊరికి మరింత పేదరికం, చదివింపులతో సహా! ఇరవై ఏళ్లకు పైగా సాగింది ఈ బేరం. 2008లో రద్దు చేశారు. రద్దు చేసినప్పుడు ఏడ్చిన ఊళ్లు లేకపోలేదు.

ఎథెల్ లారెన్స్ 1994లో కన్నుమూసింది. ఆమె పేరు పెట్టిన ఇళ్లలోకి మొదటి కుటుంబాలు చేరింది 2000లో. 36 ఇళ్లు అడిగినందుకు దాదాపు ముప్పై ఏళ్లు. తర్వాత ప్రిన్‌స్టన్ ప్రొఫెసర్ డగ్లస్ మాసీ బృందం వెళ్లి లెక్కలు తీసింది: నేరాలు పెరిగాయా, చుట్టుపక్కల ఇళ్ల ధరలు పడ్డాయా, పన్నులు మోత మోగాయా అని. ఏదీ లేదు. 2013లో పుస్తకం కూడా వేశారు. పక్క కాలనీల్లో కొందరికైతే అసలు అలాంటి ఇళ్లు అక్కడున్నాయనే తెలియదట. నీ పిటిషన్‌లో నాలుగో పాయింటు కొట్టేయడం మంచిది. ఎవడైనా పుస్తకం పట్టుకొస్తే పరువు పోతుంది.

మీ రాష్ట్రంలో 2024 మార్చిలో గవర్నర్ మర్ఫీ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఊళ్లకి ఈ వాటాలు పంచే నాలుగో విడత 2025 జులైలో మొదలైంది. 2035 దాకా కొత్తగా 84,698 చవక ఇళ్లు కావాలనీ, ఉన్నవాటిలో 65,410 బాగుచేయాల్సినవనీ రాష్ట్రం లెక్కేసింది. అందులో మీ టౌన్‌షిప్ వంతే నీ నిద్ర చెడగొడుతోంది. మాంట్‌వేల్ అనే ఊరు ముందుండగా కొన్ని ఊళ్లు కోర్టుకి కూడా ఎక్కాయి. సరే, ఇంతకీ ఆ ఇళ్లలోకి వచ్చేదెవరో కనుక్కున్నావా? మీ మిడిల్‌సెక్స్, సోమర్‌సెట్ ప్రాంతంలో ఏడాదికి లక్ష డాలర్లు దాటి వచ్చే నలుగురి కుటుంబానికి కూడా ‘మోడరేట్ ఇన్‌కమ్’ కోటాలో అర్హత ఉంది. అంటే మీ పిల్ల క్లాసు టీచరు, ఆసుపత్రిలో నర్సు, నువ్వు ఏడింటికి వెళ్లే జిమ్ముని ఐదింటికే తెరిచేవాడు.

ఇంకొకడు కూడా గుర్తొస్తున్నాడు నాకు. 2003లో హెచ్‌1బీ మీద దిగి, ఎడిసన్‌లో రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్లో ఐదుగురితో సర్దుకున్న కుర్రాడు. ఏడాది తిరిగేసరికి పెళ్లాం వచ్చింది, హెచ్‌4 కాబట్టి ఉద్యోగం చేయకూడదు. ఆపైన చంకలో పిల్ల. కన్సల్టెన్సీ వాడు తన వాటా కొరుక్కుని మిగిలింది ఇచ్చేవాడు. వాడు అప్పట్లో దరఖాస్తు చేసి ఉంటే మోడరేట్ ఏమిటి, ‘లో ఇన్‌కమ్’ కోటాలోనే వచ్చేవాడేమో. పాపం వాడికి ఆ అపార్ట్‌మెంటైనా ఎందుకు దొరికిందంటే, నలభై ఏళ్ల కిందట ఏ మేయరో పిటిషన్లు సరిగ్గా చదవలేదు కాబట్టి.

అమెరికాలో జోనింగ్ అనేది దైవదత్తం అన్నట్టు రాశావు, అందుకని దాని జాతకం కూడా చెబుతాను. చర్మం రంగుని బట్టి ఎవరెక్కడ ఇల్లు కొనాలో ఊళ్లు శాసించకూడదని 1917లో ఆ దేశపు సుప్రీంకోర్టు తేల్చింది. రంగు అడక్కూడదంటే స్థలం గజాలు అడిగితే పోలా? అర ఎకరం లేనిదే ఇల్లు కట్టరాదంటే ఎవరు ఆగిపోతారో అందరికీ తెలుసు. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ ఊరి కేసులో అదే సుప్రీంకోర్టు జోనింగ్‌ని ఆశీర్వదించింది. విడి ఇళ్ల మధ్య అపార్ట్‌మెంటు వట్టి పరాన్నజీవి లాంటిదని తీర్పులో రాశాడు జస్టిస్ సదర్లాండ్. ఈ మహానుభావుడి పేరు నువ్వు గుర్తుపెట్టుకోవాలి. మూడేళ్ల ముందు, 1923లో, భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయుడు తెల్లవాడు కాదు కాబట్టి అమెరికా పౌరుడు కాలేడని తీర్పు రాసింది కూడా ఆయనే. అప్పటికే పౌరసత్వం వచ్చిన పలువురికి కూడా ఊడబెరికారు. కాలిఫోర్నియాలో అయితే అప్పట్లో పౌరుడు కాలేనివాడు పొలం కొనకూడదని చట్టం. ఆ కలం నిన్ను బయట నిలబెట్టింది, ఆ కలమే అపార్ట్‌మెంటుని కూడా. నువ్వు లోపలికొచ్చి తలుపేసుకుని, ఆయన పక్షాన సంతకాలు పోగేస్తున్నావు. పై లోకంలో ఎంత ఆశ్చర్యపోతున్నాడో!

అయినా మనకివన్నీ కొత్తా? మన దగ్గర టు-లెట్ బోర్డు చూసి గేటు తీస్తే, ఇంటాయన అద్దె చెప్పకముందే “మీరేమిట్లు?” అంటాడు. ఒక్క ప్రశ్నకి జోనింగ్ చట్టం మొత్తం అమలైపోతుంది. ఫైలు లేదు, కోర్టు లేదు, కొండసింహం అక్కర్లేదు. పేదల ఇళ్ల పట్టాల కోసం అమరావతిలో తెచ్చిన ఆర్‌5 జోన్ గొడవ 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది గానీ, రాజధానికి భూములిచ్చిన రైతుల మొర అందులో వేరే ఉంది. రెండూ కలిపి రాసి రెండు వైపులా తిట్లు తినే ఓపిక నాకు లేదు.

పోతే, అసలు సంగతి. నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. గ్రీన్‌కార్డు వచ్చాక అక్కా బావా మీ దగ్గరే ఉంటున్నారు కదా, అక్కకి పిచ్చెక్కుతోందట. ఎకరానికో ఇల్లు. ఫుట్‌పాత్ లేదు, బస్సు లేదు, కారు నడపడం రాదు. గుడికి నడిచి వెళ్లే దూరంలో ఓ చిన్న వాటా చాలు, వండుకు తింటాం అంటోంది. గుళ్లో ఎవరో గుజరాతీ ఆవిడ చెప్పిందట, 55 దాటినవాళ్లకి తక్కువ అద్దె ఫ్లాట్లు వస్తున్నాయి, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోండి అని. నీకు చెప్పకుండా ఇద్దరూ రాయించుకున్నారు. ఏ ప్రాజెక్టు అని అడిగితే అడ్రసు చదివింది. నీ పిటిషన్‌లో మొదటి పేరాలో ఉన్నది అదే.

ఆ 55 దాటినవాళ్ల ఫ్లాట్లలో ఊళ్ల ఎత్తుగడ కూడా ఉందిలే. ముసలివాళ్లకి కడితే వాటాకి సున్నా పాయింట్ మూడు పిల్లవాడు కూడా బడికి రాడు కాబట్టి, లెక్క చూపించడానికి చాలా ఊళ్లు ఆ దారే పట్టేవి. కొత్త చట్టంలో దానికి 30 శాతం హద్దు ఉంది. ఆ ముప్పైలో మా అక్క ఉందని నీకు తెలియకపోవడం నీ తప్పు కాదు.

కాబట్టి నేను సంతకం పెట్టడం లేదు. నువ్వు గెలిస్తే మాత్రం అక్కా బావా నీ బేస్‌మెంట్‌లోనే ఉంటారు, ఇప్పట్లో కదలరు. ఈ శుభవార్త మీ ఆవిడకి నువ్వే చెప్పుకో. ఆ అమ్మాయి ఇప్పటికే పిటిషన్ మీద సంతకం పెట్టి ఉంటే, ఆ రోజు నాకు ఫోన్ చేయకు. ఎత్తను.