నేరస్థుడు: బాగా రాసినవాడు

ఏఐ డిటెక్టర్ అంటే, యంత్రాన్ని నమ్మవద్దని విద్యార్థికి బోధించే అధ్యాపకుడు తాను నమ్మే యంత్రం. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక కొద్ది నెలల్లోనే ఇది అమెరికా కళాశాలల్లో వాడుకలో పడింది. విద్యార్థి వ్యాసాన్ని ఇందులో వేస్తే ఇంత శాతం అని ఒక అంకె కనిపిస్తుంది. అది దేనిలో శాతమో అడిగే అలవాటు గణితశాఖల్లో కూడా అంతగా లేదు.

ఇది పనిచేసే తీరు తేలికే. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఊహించగలిగితే యంత్రం రాత, ఊహకు అందకపోతే మనిషి రాత. అంటే తెలిసిన మాటలతో, తప్పుల్లేకుండా, సాఫీగా రాసినవాడు అనుమానితుడు. బడి పన్నెండేళ్లు కష్టపడి నేర్పించింది సరిగ్గా ఆ రాతనే. గైడులో జవాబును కామా పోకుండా దింపితే పూర్తి మార్కులు వేసే చదువులో పెరిగి, ఇంగ్లిష్ పరాయి భాష అయినవాళ్లు రాసే టోఫెల్ పరీక్ష గట్టెక్కి అమెరికా చేరిన తెలుగు విద్యార్థికి, ఇంత పద్ధతిగా మనిషి రాయడన్న సంగతి అక్కడే తెలియాలి.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చి చూశారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతానికి పైగా వ్యాసాలను డిటెక్టర్లు యంత్రం ఖాతాలో వేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలు మాత్రం దాదాపు మచ్చ లేకుండా బయటపడ్డాయి. అసలు వినోదం ఆ తర్వాతిది. అవే టోఫెల్ వ్యాసాల్లో పదజాలాన్ని చాట్‌జీపీటీ చేత మెరుగు పెట్టించి మళ్లీ ఇస్తే, తప్పుడు నిందలు 12 శాతం లోపుకు దిగాయి. యంత్రాన్ని ముట్టుకోలేదని నమ్మించాలంటే దాని సాయమే తీసుకోవాలన్నమాట!

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చింది. అది యంత్రం రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషుల రాతల్లో 9 శాతం మీద నింద వేసింది. కచ్చితత్వం చాలడం లేదని కంపెనీ జూలైలో దాన్ని మూసేసింది. కన్నతల్లే పోల్చుకోలేకపోయిన బిడ్డను పొరుగు కంపెనీలు ఆనవాలు పడతామంటే విశ్వవిద్యాలయాలు చందా కట్టాయి.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం మాత్రం లెక్క వేసింది. విద్యార్థుల పత్రాల్లో కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌కు 2022లో అక్కడ వెళ్లిన పత్రాలు 75,000. టర్నిటిన్ ఏఐ డిటెక్టర్ అప్పటికే ఉండి ఉంటే, తయారీదారు చెప్పుకునే ఒక్క శాతం పొరపాటునే నమ్మినా, 750 పత్రాల మీద అన్యాయంగా నింద పడేది. 2023 ఆగస్టులో ఆ డిటెక్టర్ వాడకాన్ని ఆపేసింది.

వ్యాసం ఎవరు రాశారో తేల్చే పాత పద్ధతి ఒకటి ఉంది: రాసినవాణ్ణి పిలిచి అందులోంచే నాలుగు ప్రశ్నలు అడగడం. దీనికి చందా అక్కర్లేదు. కాకపోతే, అధ్యాపకుడు ముందుగా వ్యాసం చదివి ఉండాలి.