రేవు పాట, రైలు పాట

మా రోజుల్లో కోటిపల్లి రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడుపుకునే హక్కుకి వేలంపాట అంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉండేవి. ఎవడైనా ఊపులో గిట్టని ధర పాడేశాడా, చెట్టుకింద చుట్ట కాల్చుకునే ముసలాళ్లు ‘ఈడు పంటు మీద సంపాదిద్దామని రాలేదర్రా, ఇంకేదో చూసుకునే వచ్చాడు’ అని అప్పుడే తేల్చేసేవారు. ఇప్పటివాళ్లవన్నీ పెద్ద చదువులు. ఆపాటి అనుమానం కూడా రాదు.

2008లో హైదరాబాద్ మెట్రోకి పాట పెట్టారు. పట్నం రైలుకి టిక్కెట్ల మీద పెట్టుబడి రాదు, సర్కారే కొంత ఎదురివ్వాలి. తక్కినవాళ్లు అదే అడిగారు. మేటాస్ కూటమి మాత్రం ‘మాకు పైసా వద్దు, మేమే 30,311 కోట్లు కడతాం’ అంది. సర్కారు పొంగిపోయింది! ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారు, వీళ్ల కన్ను రైలు మీద కాదు, లైను పక్క స్థలాల మీదే ఉందని ప్లానింగ్ కమిషన్‌కి ఉత్తరం రాశారు. పెద్దాయన మాట వినడం పోయి, ఆయన్నే క్షమాపణ చెప్పమన్నారు. మా రేవులో ఆయనకి కుర్చీ వేసి, కొబ్బరిబొండం కొట్టిచ్చి మరీ అడిగేవాళ్లం, ఇంకేం కనిపెట్టారండీ అని.

2009 జనవరిలో సత్యం రామలింగరాజు తన కంపెనీవి దొంగలెక్కలని తనే ఒప్పుకున్నారు. మేటాస్ కూడా ఆ ఇంటిదే. ఇంకెవరిస్తారు అప్పు? జూలైలో పాట రద్దు. మళ్లీ పాడిస్తే 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్లు ఎదురిమ్మని పని పుచ్చుకుంది. తీరా పని మొదలయ్యాక అసెంబ్లీ ముందునుంచి వద్దనీ, సుల్తాన్ బజార్ పాడవుతుందనీ తగువులు. 2017 నవంబరుకి గానీ మియాపూర్–నాగోలు బండి కదల్లేదు. 2025లో ఛార్జీలు పెంచారు, అయినా మోయలేమని కంపెనీ చేతులెత్తేస్తే సర్కారే తీసుకుంటానంది. మరి ఆ పనేదో మొదట్లోనే చేసి ఉండొచ్చుగా!

మా అబ్బాయి మియాపూర్‌లోనే ఉంటాడు. ‘చల్లగా ఏసీ బండిలో కూర్చుని సణుగుతారేంటి నాన్నగారూ’ అంటాడు. చల్లగానే ఉందిరా, కాదన్నానా?

మరి మా వైపు రైలు సంగతో? మా పెద్దల కాలంలో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధం నాడు పట్టాలు పీక్కుపోయి, మళ్లీ ఈ శతాబ్దంలో వేశారు. అక్కణ్ణించి అమలాపురం మీదుగా నర్సాపురానికి లైను, బాలయోగి గారు స్పీకరుగా ఉన్నప్పుడు మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలూ దాటాలి. స్తంభాలైతే లేచాయి, అమలాపురానికి మాత్రం బండి రాలేదు. మేమే ఎదురు డబ్బు కడతాం అంటూ ఒక్క కంపెనీ వచ్చిందా? ఎందుకొస్తుందండీ! మాల్ కడదామంటే లైను పక్కనున్నవన్నీ మా వరిచేలూ కొబ్బరితోటలూనాయె.