ఒక నక్షత్రపు నీలాపనింద

భాద్రపద శుద్ధ చవితినాడు చంద్రుని చూచినవారికి నీలాపనిందలు కలుగునని చిన్నతనమున విని, ఆనాటి సాయంకాలము తల వంచుకొని వీథి దాటిన మనుష్యుడను నేను. కాని తల వంచుకొని నడచుటయే యుగధర్మమై, ఆ వంచిన తలకెదురుగా అరచేతిలో ఒక చంద్రబింబము ఏడాది పొడుగునను వెలుగుచుండు కాలమొకటి వచ్చుననియు, దానిని చూచువారికి నిత్యము చవితియే యనియు మా తాతగారికి తోచలేదు. వ్రతకథ చెప్పినవారికిని తోచలేదు.

మేము సింగపూరున జురాంగ్ ఈస్టులో, ఆకుపచ్చ రైలుమార్గమును ఎర్ర రైలుమార్గమును కలిసికొను స్టేషనుకు పది నిమిషముల నడకదూరమున, ప్రభుత్వము కట్టించిన ఒక హెచ్‌డీబీ ఫ్లాటులో కాపురమున్నాము. నేను ఓడలు బాగుచేయు యార్డులో పద్దులు వ్రాసి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. మా ఇంటావిడ మూడేండ్లుగా సున్నుండలు, కజ్జికాయలు, కందిపొడి, టెక్కా మార్కెట్టునుండి తెచ్చిన గోంగూరతో పచ్చడియు చేసి తెలుగువారికి అమ్ముచున్నది. ఇంటినుండి చిన్న వ్యాపారము చేసికొనుటకు ఇచ్చటి ప్రభుత్వము సమ్మతించును గాని, గుమ్మమునకు బోర్డు తగిలించుటకు సమ్మతింపదు. తెనాలిలోనైనచో నేనొక పెయింటరును పిలిచి, పచ్చరంగు మీద ఎర్ర అక్షరములతో ‘శుచికి, రుచికి’ అని వ్రాయించి, ఆ రెంటిలో దేనికి లోపము వచ్చినను అక్షరముల మాటున దాగియుండెడివాడను. ఇచ్చట మా బోర్డు కొన్నవారి సెల్‌ఫోనులలో నున్నది. దానిని వ్రాయువాడు పెయింటరు కాడు, కొన్నవాడే. పైగా కూలి పుచ్చుకొనక వ్రాయును గనుక వానిని మందలించుటకును వీలు లేదు.

గూగుల్ పటములో మా వంటయింటికి పదునలుగురు కొనుగోలుదారులు అయిదేసి నక్షత్రములిచ్చియుండిరి. ఆ పదునాలుగింటిని మా ఇంటావిడ ప్రతిదినము ఉదయమున కాఫీకి పూర్వమొకమారు, తరువాత నొకమారు లెక్కించుకొనెడిది. ఒక మంగళవారమునాడు రెండవ లెక్కకు పదునైదవ వ్యక్తి కనబడెను. పేరుండవలసిన చోట రెండక్షరములు, ముఖముండవలసిన చోట బంతిపువ్వు, అభిప్రాయముండవలసిన చోట శూన్యము, ఆ శూన్యముపైన ఒకే ఒక్క నక్షత్రము!

“ఏమండీ, మన పరువు పోయిందండీ!” అని ఆవిడ కేకవేయగా, నేను సబ్బునురుగుతో స్నానాల గదినుండి వచ్చితిని. జీవితమంతయు పద్దులు వ్రాసినవాడను గనుక, ఓదార్చుటకు బదులు లెక్క కట్టితిని. పదునాలుగు అయిదులును ఒక ఒకటియు కలిసి డెబ్బదియొకటి. పదునైదుచే భాగింపగా 4.7. ఇక ఎంతమంది అయిదులిచ్చినను సరాసరి ఎన్నటికిని అయిదు కాజాలదు. సర్దుబాటుచేత పైకి 5.0 అని కనబడుటకైనను డెబ్బదితొమ్మిదిమంది అయిదులు కావలెను. మేము పుట్టి బుద్ధెరిగి అమ్మిన డబ్బాలే అరువది. ఈ సంగతి చెప్పినందుకు ఆ పూట నాకు చారునీళ్ళే ప్రాప్తించినవి.

నా సొంత కీర్తి విషయమున నాకింతటి చింత ఎన్నడును లేదు. లింక్‌డిన్ అను ఉద్యోగుల సంతలో నాకు ‘నాయకత్వము’ కలదని ఆరుగురు సాక్ష్యమిచ్చియున్నారు. ఆ ఆరుగురిలో ఒక్కడును నా మాట విన్నవాడు కాడు. నా నాయకత్వము నెరిగిన ఏకైక వ్యక్తి మా ఇంటావిడ. ఆవిడ సాక్ష్యము నేనడుగలేదు.

అయినను కీర్తి విషయమున ఈ ఊరు ఎంత నిర్దయమైనదో నేను కన్నులారా చూచినవాడను. 2014 జనవరిలో ఒక ధనవంతుడైన విదేశీయుడు, రైలులో పోవువారిని పేదలని వెక్కిరించుచు ఫేస్‌బుక్కులో రెండు మాటలు వ్రాసి, నెల తిరుగకముందే ఉద్యోగమును ఊరును రెంటిని విడిచి పెర్త్ నగరమునకు విమానమెక్కెను. ఆ యేడే సిమ్ లిమ్ స్క్వేరులో ఒక సెల్‌ఫోనుల కొట్టువాడు, ఒక స్త్రీకి తిరిగి ఈయవలసిన 1,010 డాలర్లను పదునెనిమిది కిలోల చిల్లరనాణెములుగా సంచిలో పోసి ఇచ్చెను. కొలది దినములకే అదే కొట్టులో ఒక వియత్నాము యాత్రికుడు మోకాళ్ళపై కూలబడి తన డబ్బు తనకిమ్మని ఏడ్చిన దృశ్యము దేశమంతటను ప్రాకినది. జనులు కోపించి కొట్టువాని ఇంటి చిరునామాయు ఫోను నంబరును బయటపెట్టిరి. అడుగని తినుబండారములు అతని గుమ్మమునకు పంపించిరి. మరుసటి యేడు న్యాయస్థానము అతనికి 33 మాసముల కారాగారవాసము విధించినది. వాడు శిక్షార్హుడే, సందేహము లేదు. కాని ఇంటి చిరునామా వెదకి వీథిన వేయు విద్య రుచిమరగిన జనులు శిక్షార్హులతోనే ఆగుదురను నమ్మకము ఏలినవారికి లేకపోయెను గాబోలు; ఇతరులను వేధించు తలంపుతో అట్లు చేయుట 2019లో సవరించిన చట్టము ననుసరించి నేరమైనది.

ఆ చట్టమును తలచుకొనియే నేను బంతిపువ్వు ఇంటికి పోక, జవాబు వ్రాయుటకు కూర్చుంటిని. “అయ్యా, లేక అమ్మా” అని ప్రారంభించి, మినుముల పుట్టుపూర్వోత్తరములు, నేతిని కాచు పద్ధతి, ‘కువిమర్శ’ యను శబ్దముయొక్క వ్యుత్పత్తి, ఇవన్నియు నలుబది పంక్తులలో ఇమిడ్చితిని. మా అమ్మాయి చదివి, “నాన్నా, ఇంత పొడుగు సమాధానం చూస్తే తప్పు మనదేననుకుంటారు,” అని ముప్పదియెనిమిది పంక్తులు కొట్టివేసినది. మిగిలిన రెండింటిలో ఒకటి ‘ధన్యవాదములు’.

ఆ నిందను తొలగింపుడని గూగులువారికి విన్నవింపగా, నచ్చకపోవుట తొలగించుటకు కారణము కాదని వారి నియమావళి చెప్పినది. పొరుగు బ్లాకులోని ఒక మిత్రుడు తన క్రికెట్టు జట్టుచేత పదునొకండు అయిదులు వేయింతునని వాగ్దానము చేసెను. అదియును కూడదు, ఈ ఊరిలోనే కారులకు మెరుగుపెట్టు సంస్థ యొకటి తనకు తానే అయిదు నక్షత్రముల స్తోత్రములు వ్రాసికొని ప్రభుత్వ సంఘమునకు దొరికిపోయినది.

అసలు మేమున్న నేలకే అపకీర్తి యుండెడిది. 1961లో గో కెంగ్ స్వీ అను ఆర్థికమంత్రి ఈ జురాంగ్ చిత్తడినేలలను పూడ్పించి పారిశ్రామికవాడ కట్టింప మొదలిడినపుడు, కర్మాగారములు రావడము ఆలస్యమగుటచే, లోకులు దీనికి ‘గో గారి వెర్రి’ యని పేరు పెట్టిరి. ఆ నింద జవాబులతో పోలేదు, పొగగొట్టములతో పోయినది. ఈ ఉదాహరణము మా ఇంటావిడకు వినిపింపగా, “మన వంటింట్లో పొగ వస్తే అగ్నిమాపకదళం వస్తుంది,” అన్నది.

ఇక మిగిలినది శ్రీకృష్ణుని మార్గమొక్కటే. శమంతకమణిని అపహరించెనని సత్రాజిత్తు నింద మోపినపుడు ఆ స్వామి ప్రకటనలు చేయలేదు; అడవికి పోయి, సింహపు జాడ పట్టి, ఎలుగుబంటి జాడ పట్టి, గుహలో దూరి, ఇరువదియెనిమిది దినములు జాంబవంతునితో పోరాడి, మణితోడను కన్యతోడను తిరిగివచ్చెను. నేనును కండ్లజోడు తుడిచికొని బంతిపువ్వు జాడ పట్టితిని. ఆ వ్యక్తి ఇతర అభిప్రాయములు రెండు దొరికినవి. జురాంగ్ లేక్ గార్డెన్స్‌కు ఒక నక్షత్రము. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు ఒక నక్షత్రము! ఏడుకొండలవానికే ఒకటిచ్చిన మహానుభావునికి మా సున్నుండలొక లెక్కా? నాకు కొంత ఊరటయు, కొంత భయమును కలిగినవి. ఉద్యానమును, దేవుని, మినుములను ఏకకాలమున ద్వేషింపగల హృదయమెట్టిదై యుండును!

ఆ జాంబవంతుడు శనివారము సాయంకాలము తనంతట తానే మా గుమ్మమునకు వచ్చినాడు. వచ్చినవాడు కాదు, వచ్చినది: మా క్రింది అంతస్తులో కొడుకు నింట నెలదినములుండిపోవుటకు వచ్చిన డెబ్బదియేండ్ల ముత్తయిదువ. చేతిలో సంచి, ఫోను. ఫోను మొగమున బంతిపువ్వు.

“అమ్మాయీ, ఇంకో రెండు కిలోలు సున్నుండలు కావాలి. ఎల్లుండే ప్రయాణం. మా మనవడు ఫోనులో మార్కులు వేయడం నేర్పాడు. మీకు వేశాను, చూశారా?”

“చూశాం, పిన్నిగారూ,” అంటిని, గొంతు సవరించుకొని. “ఒకటి వేశారు.”

“ఒకటే మరి! నేను తేలిగ్గా వేసేదాన్ని కాదు బాబూ. మా పెద్దవాడికి ఇంటర్‌లో కాలేజీ మొత్తంమీద ఒకటి వచ్చింది. ఆ తరువాత నా నోట మళ్ళీ ఒకటి అనిపించుకున్నవి మూడే. ఆ చెరువు తోట, మన స్వామి, మీ సున్నుండలు.”

అయిదు ఉత్తమమనియు ఒకటి అధమమనియు నేను పావుగంటసేపు బోధించితిని. ఆమె జాలితో వినెను.

“అయిదో ర్యాంకు వచ్చినవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ పలకరించరు బాబూ. స్వామికి అయిదు ఎలా వేస్తాను, కళ్ళు పోవూ? మీరేం దిగులు పెట్టుకోకండి. ఊరెళ్ళగానే మా వదిన చేత, మా వీధిలో వాళ్ళందరి చేతా మీకు ఒకట్లే వేయిస్తాను.”

మా ఇంటావిడ ఆమె సంచిలో కందిపొడి పొట్లమొకటి ఊరకనే పెట్టుచు, “ఎందుకండీ పిన్నిగారూ, మీకు శ్రమ,” అనినది. నేను బల్లమీది పెన్ను తీసికొని, ఆ వీథిలో ఇండ్లెన్ని యని అడిగితిని.