థైరాయిడ్ అత్తయ్య

ప్రతి అపార్టుమెంటులోనూ ఒక థైరాయిడ్ అత్తయ్య ఉంటుంది. లేదంటే అందులో ఇంకా ఫ్లాట్లు అమ్ముడుపోలేదని అర్థం.

మా అత్తయ్య ఎదురుపడితే "బాగున్నావా?" అనదు. "టీఎస్‌హెచ్ ఎంతొచ్చింది?" అంటుంది. మనుషులు ఆవిడకి పేర్లతో గుర్తుండరు, మాత్రల మైక్రోగ్రాములతో గుర్తుంటారు. "మూడో అంతస్తు యాభై లేదూ, వాళ్లమ్మాయికి సంబంధం కుదిరిందిట. మొన్న డెబ్బై అయిదుకి పెరిగినావిడ చెప్పింది." జుట్టు ఊడినా, మలబద్ధకం పట్టినా, మే నెలలో ఎవరైనా ఫ్యాను తగ్గించమన్నా ఆవిడకొచ్చే అనుమానం ఒక్కటే.

పెళ్లి భోజనాల్లో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్లు అయిపోయారే. పప్పు వడ్డిస్తుండగానే "ఏదీ, గడ్డం పైకెత్తు. ఇప్పుడు ఓ గుక్క నీళ్లు మింగు" అంటుంది. మింగినప్పుడు గ్రంథి పైకి కదులుతుంది, వాపుంటే అప్పుడే కంటపడుతుంది. పద్ధతి డాక్టర్లదే. కాకపోతే డాక్టర్లు నేతి గిన్నె పట్టుకున్న కుర్రాణ్ణి వెనకాల నిలబెట్టి చూడరు.

ఇంత పరిజ్ఞానం ఊరికే రాలేదు. ఆవిడకి హషిమోటో వ్యాధి. "అంతా హషిమోటోగారి చలవ" అని దూరపు చుట్టం సంగతిలా చెబుతుంది. హకారు హషిమోటో అనే జపాను సర్జను 1912లో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్ గ్రంథుల నిండా తెల్లరక్తకణాలు చేరి ఉండడం గమనించి రాశాడు. అది ఒంటి రక్షణ వ్యవస్థ సొంత గ్రంథి మీదే చేస్తున్న దాడి అని బయటపడింది మాత్రం 1956లో, లండన్‌లో. అత్తయ్య ఈ కథంతా లిఫ్టు రెండో అంతస్తు దాటేలోపు తేల్చేస్తుంది. "మన వాచ్‌మనే ఫ్లాటు ఓనర్ని దొంగనుకుని చితకబాదాడనుకో. అదీ యాంటీ టీపీఓ యాంటీబాడీ అంటే!" వాచ్‌మన్ కూడా లిఫ్టులో ఉంటే, విననట్టు పైకి చూస్తాడు.

ఆవిడ చెప్పేదాంట్లో తప్పు దొరకదు, అదే బాధ. మాత్ర పరగడుపున వేసుకోవాలి. గంట దాకా కాఫీ లేదు. ఐరన్, క్యాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం. డోసు మార్చాక ఆరు వారాలైనా ఆగకుండా పరీక్ష చేయిస్తే డబ్బు దండగ. జ్వరంలో అసలే వద్దు. రోగంతో పోరాడే వేళ ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది, టీ4 హార్మోనుని చురుకైన టీ3గా మార్చడం తగ్గిస్తుంది. గ్రంథి బాగానే ఉన్నా అంకెలు తికమకపెడతాయి. మావయ్యగారి థైరాయిడ్ నిక్షేపంలా ఉంది. అయినా ఆయన కాఫీ కూడా గంట ఆగుతుంది.

ఒక్క బరువు దగ్గరే శాస్త్రం ఆవిడకి రుచించదు. హార్మోను తగ్గితే ఒళ్లు శక్తిని నెమ్మదిగా ఖర్చుపెడుతుంది, నిజమే. కానీ దానివల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోలు, అందులోనూ ఉప్పూ నీరే ఎక్కువ అన్నాడు డాక్టరు. "మరి మిగతా పధ్నాలుగూ?" అంది. ఆయన మొహమాటపడి ఊరుకున్నాడు. అత్తయ్య డాక్టర్ని మార్చింది.

అలాగని నవ్వుకుని వదిలేద్దామంటే కుదరదు. నాలుగో అంతస్తు కోడలు పగలంతా జోగుతుంటే, ముఖం ఉబ్బుతుంటే, ఆ ఇంట్లోవాళ్లు బద్ధకమని తేల్చేశారు. అత్తయ్య వెళ్లి, అత్తగారి ముందే ఆ పిల్ల చేత గడ్డం ఎత్తించి, నీళ్లు మింగించి, "బద్ధకానికి మెడ వాయదు వదినా" అంది. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 40 దాటింది. మాత్రలు పడ్డ మూడు నెలలకి పిల్ల ముఖం తేటపడింది. "మా కోడలు మొదట్నుంచీ చురుకే" అనడం మొదలెట్టింది అత్తగారు.

ఆ ఊపులో అత్తయ్య తన కోడల్ని కూడా ల్యాబుకి పంపింది. రాత్రి రెండింటిదాకా అమెరికావాళ్లతో మీటింగుల్లో కూర్చుని, పొద్దున్న ఎనిమిదింటికి లేచే పిల్ల. టీఎస్‌హెచ్ 2.1, యాంటీబాడీల జాడే లేదు. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని రిపోర్టు రెండుసార్లు చదివింది.

"ఇన్నాళ్లూ పాపం జబ్బేమోనని నోరు మూసుకున్నాను. నికార్సయిన బద్ధకం! ల్యాబువాళ్లే రాసిచ్చారు."