నేను పట్టాదారు పాసుపుస్తకాన్ని

2018 మే నెలలో, రైతుబంధు చెక్కులు పంచిన రోజుల్లో, వరంగల్ పక్క పల్లెలో మా రైతు చేతికొచ్చాను. తెరిస్తే ఆయన ఫొటో, ఖాతా నంబరు, సర్వే నంబర్లు, మూడెకరాల పన్నెండు గుంటలు. పంట రుణానికి బ్యాంకుకు పోవడం, మళ్లీ బీరువాకు చేరడం, అంతే నా తిరుగుడు. అలాంటి నన్ను చిన్నబిడ్డ అమెరికా వీసా ఫైల్లో పెట్టింది.

ఆమె బీటెక్ మూడో ఏడు. డాలస్‌లో ఉన్న అక్కకు కానుపు దగ్గరపడింది. సెలవుల్లో పోయి వద్దామని విజిటర్ వీసాకు డీఎస్-160 ఫారం నింపింది. చిక్కంతా అమెరికా 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్‌తోనే. వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోతారని అధికారి ముందే అనుకోవాలి. కాదని నమ్మించే బాధ్యత అడిగేవాళ్లది. ఉద్యోగం, సంసారం ఉన్నవాళ్లు అవి చూపిస్తారు. చదువుకునే పిల్ల ఏం చూపాలి? అందుకే నన్ను తీశారు. నాలో ఉన్నది మాత్రం నాయిన పేరు.

ఒక ఏజెంటు వచ్చి, "అప్పు తెచ్చి అకౌంట్లో పది లక్షలు చూపించండి, వారానికి తీసేద్దురు" అన్నాడు. నాయిన ససేమిరా అన్నాడు. ఎంత మంచి పని చేశాడో! అబద్ధం చెప్పి దొరికితే జీవితకాల అనర్హత పడుతుంది.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆమె ఫైలును రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కాలేజీ బోనఫైడ్‌కూ, వచ్చే ఏడాది ఫీజు రసీదుకూ నడుమ నేను. బావ పంపిన ఆహ్వాన లేఖ అడుగున ఉంది. అది తప్పనిసరేం కాదు.

"ఎందుకు వెళ్తున్నారు?"

"అక్క డెలివరీకి. ఆరు వారాలుండి వచ్చేస్తాను."

"తర్వాత అక్కడే ఎంఎస్ చేస్తారా?"

ఆమె తడబడలేదు. "చేయాలనుంది. బీటెక్ అయ్యాక స్టూడెంట్ వీసాకు అడుగుతాను. ఇప్పుడైతే ఆగస్టులో ఆఖరి ఏడాది క్లాసులు. ఫీజు కట్టేశాం."

రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. పాస్‌పోర్టు ఉంచుకున్నారు. ఫైలు తెరవమనలేదు. నాకు చిన్నతనం అనిపించలేదు. చిన్న వయసువాళ్లకు ఆస్తిపాస్తులుండవని వాళ్లకూ తెలుసు. కుటుంబం పరిస్థితి, ముందు ముందు ఏం చేయాలనుకుంటున్నారు, ఇవే చూస్తారు. సగంలో ఉన్న చదువే ఆమెను వెనక్కి రప్పించే బంధం. ఆ మాట ఆమె నోటి నుంచే రావాలి.

మొన్న ఆమె స్నేహితురాలు, తానూ విజిటర్ వీసాకు పెట్టుకుందామని వచ్చింది. వాళ్ల నాయిన కౌలు రైతు. ఏళ్లుగా దున్నుతున్న భూమికి ఆయన పేరున నాలాంటి పుస్తకం లేదు. ఆ నేలతో ఆ ఇంటికున్న అనుబంధం నా యజమానికంటే వీసమెత్తు తక్కువ కాదు. రాసిచ్చే కాగితమే లేదు.

"మాకు పాసుబుక్కు లేదు కదే, నాకిస్తారా?"

"నన్నది అడగనే లేదు. ఇస్తారో ఇవ్వరో ఎవరూ చెప్పలేరు. ఇవ్వకపోతే అప్పీలు లేదు, కట్టిన 185 డాలర్లు తిరిగి రావు, మళ్లీ అప్లై చేసుకోవచ్చు. నువ్వేం చదువుతున్నావో, ఎప్పుడొస్తావో ఉన్నదున్నట్టు చెప్పు. తెలుగులోనైనా చెప్పొచ్చు. బోనఫైడ్ తెచ్చావా?"

తెచ్చింది. ఇద్దరూ ఫారం నింపడానికి కూర్చున్నారు.